సాంచా యొద్దను, చాట యొద్దను



ఆరోగ్యమును గూర్చి ప్రసంగించు పెద్దలు సాధారణముగా బ్రాహ్మీముహూర్తమున నిద్రలేచుటతో ప్రారంభించి, ప్రాతఃకాలపు వాహ్యాళి, మితమైన భోజనము, కలతలేని నిద్ర అను మెట్లు వరుసగా ఎక్కి, చివరకు ఆరోగ్యమే మహాభాగ్యమని చెప్పి సెలవు పుచ్చుకొందురు. అందులో తప్పేమియు లేదు. కాని పొద్దుగూకిన పిమ్మట సాంచాల, అనగా మరమగ్గముల, షెడ్డులో అడుగుపెట్టి, పండ్రెండు గంటలు నిలువుకాళ్ళ మీద నిలిచి, మరునాడు ఎండ ఎక్కిన తరువాత ఇల్లు చేరు సిరిసిల్ల కార్మికునకు బ్రాహ్మీముహూర్తము నిద్రలేచు వేళ కాదు. కనురెప్పలు బరువెక్కు వేళ. వెయ్యికి ఇంత అను లెక్కన కూలి ముట్టు కోరుట్ల బీడీల ఇల్లాలికి వాహ్యాళికి పోవు తీరిక ఎక్కడిది? జగిత్యాల చుట్టుపట్ల పల్లెలలో నాట్లకును, కలుపునకును, పసుపు తవ్వకమునకును పోయి దినమంతయు నడుము వంచి పనిచేయు కూలిమనిషికి వ్యాయామమును బోధింపబూనుట ఆమెను పరిహసించుటయే అగును. కావున నేడు నేను పనికి వెలుపల ఎక్కడనో వెదకవలసిన ఆరోగ్యమును గూర్చి గాక, పని నడుచుచుండగనే కాపాడుకొనదగిన ఆరోగ్యమును గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిని.

1700 సంవత్సరమున ఇటలీ దేశమందలి బెర్నార్డినో రమాజీని అను వైద్యుడు వృత్తుల వలన కలుగు రోగములను గూర్చి ఒక గ్రంథము ప్రకటించి, రోగిని పరీక్షించు వైద్యుడు తక్కిన ప్రశ్నలతోపాటు అతడు చేయు పని ఏమో కూడ తప్పక అడుగవలెనని బోధించెను. ఆ గ్రంథమున పొగాకు పనివారికి ప్రత్యేకముగా ఒక ప్రకరణమే కలదు. మూడు శతాబ్దములు గడచినను ఆ ప్రశ్న మన దవాఖానాలలో అరుదుగనే వినబడుచున్నది. నడుము నొప్పి యనిన నడుమునకు మందు, దగ్గు అనిన దగ్గునకు మందు; ఆ నడుము ఏ బీడీల చాట ముందర వంగినదో, ఆ దగ్గు ఏ దుమ్ము నడుమ పుట్టినదో అడుగు తీరిక వైద్యునకు లేదు, చెప్పు అలవాటు రోగికి లేదు. నా యెరుకలో ఈ మూడు పట్టణముల నిత్యవ్యాధులలో పెక్కు పని యొద్ద పుట్టినవే గాని, విధి వలన వచ్చినవి కావు. 2016 అక్టోబరు 11 వ తేదీ వరకు ఇవన్నియు ఒకే కరీంనగర్ జిల్లాలోనివి. ఆనాడు జగిత్యాల, రాజన్న సిరిసిల్ల అను రెండు జిల్లాలుగా వేరుపడినను వీని కష్టము ఒక్కటియే.

రేడియో వినుటకు చేతులు అక్కరలేదు గనుక బీడీలు చుట్టు ఇండ్లలో ఈ మాటలు వినబడుచుండును. సాంచాల నడుమ మాత్రము వినబడవు. కావున ముందుగా చాట ముందరి అమ్మలతో మాటలాడెదను. సాంచాల సంగతి వారు ఇంటికి వచ్చిన మగవారికి వినిపింతురు గాక.

రాత్రి తడిపి, గుడ్డలో చుట్టిపెట్టిన తునికాకును తెల్లవారిన పిమ్మట కత్తెరతో కొలతకు కత్తిరించి, చాటను ఒడిలో పెట్టుకొని, చిటికెడు తంబాకు ఆకులో పరచి, చుట్టి, దారము కట్టి, కొన మడచి పక్కకు పెట్టుట వరకు ఒక్కొక్క బీడీకి పట్టు కాలము కొన్ని క్షణములు మాత్రమే. ఆ క్షణములలో గడ్డము రొమ్మునకు ఆనియుండును, వీపు విల్లువలె వంగియుండును, మడచిన కాళ్ళు కదలవు, కన్ను కొనవ్రేళ్ళను విడువదు. మనుష్యుని తల దాదాపు 5 కిలోల బరువు. మెడ నిటారుగా ఉన్నప్పుడు ఆ బరువును ఎముకలు మోయును. మెడ వంగినకొలది ఆ భారము కండరముల మీదికి వచ్చి అనేక రెట్లగును. ఉదయము మొదలు సాయంత్రము దాక ఆ రీతిగా మోసిన మెడ రాత్రి పడుకొనబోవునప్పుడు నొచ్చుటలో వింత యేమి? వింత యేమనగా, ఆ నొప్పిని వయసు మీద త్రోసి, ముప్పది యేండ్లు నిండని కోడలు కూడ "ముసలిదాన్నయితిని" అనుకొనుట.

దీనికి ఖర్చులేని ఉపాయములు కలవు. గోడకు వీపు ఆనించి కూర్చుండుడు. నడుము వెనుక మడచిన దుప్పటి ఒకటి పెట్టుడు. చాట క్రింద ఒక మెత్త గాని చిన్న పీట గాని ఉంచి దానిని జానెడు పైకి తెచ్చినచో మెడ వంగుట కొంత తగ్గును. గడియారమును చూచి లేవుమనిన లేవరని నాకు తెలియును. కావున బీడీలనే గడియారముగా పెట్టుకొనుడు. రెండు వందలు ముగియగానే లేచి నిలిచి, రెండు చేతులు పైకెత్తి, భుజములను వెనుకకు త్రిప్పి, మెడను మెల్లగా కుడి యెడమలకు వంచి, గోలెము దాక నడచి గ్లాసెడు నీళ్ళు త్రాగి వచ్చి కూర్చుండుడు. రెండు నిమిషములు పట్టును. ఆ రెండు నిమిషములలో పోయిన బీడీలను కొద్దిగా సేదదీరిన వ్రేళ్ళు త్వరలోనే తెచ్చియిచ్చును.

మెడకంటె పెద్ద ఆపద తంబాకు వలన వచ్చునది. పొగ త్రాగినవారికే పొగాకు హాని చేయునని పెక్కుమంది భావింతురు. నికోటిన్ అను విషము చర్మము గుండ కూడ రక్తములో చేరును. చేయి తడిగా ఉన్నచో మరింత త్వరగా చేరును. పని మొదలుపెట్టిన కొన్ని గంటలకు కలుగు తలతిప్పుట, వాంతి వచ్చునట్లుండుట, తలనొప్పి మొదలగువానికి ఇది ఒక కారణము. ఆ చేతితోనే అన్నము కలుపుకొందురు, ఆ చేతితోనే పాలు త్రాగు బిడ్డ నోరు తుడుతురు. సబ్బుతో గోళ్ళ సందుల వరకు కడుగుకొననిదే తిండిని, బిడ్డను ముట్టరాదను నియమము ఒక్కటి పెట్టుకొనిన చాలు, సగము మేలు జరుగును. వంట చేయు గదిలోను, పడుకొను గదిలోను తంబాకు సంచి ఉండరాదు. చాట పక్కనే పసిబిడ్డను పడుకొనబెట్టి పని చేసికొనుట తల్లికి సౌకర్యమే గాని, ఎగయు పొడి ముందుగా ఆ చిన్న ఊపిరితిత్తులలోనికే పోవును. గర్భిణులు ఈ పనికి ఎంత దూరముగా ఉన్న అంత మేలు; బిడ్డ తక్కువ బరువుతో పుట్టుటకు తంబాకు ఒక హేతువు. దూరముగా ఉండుట కుదరనివారు వాకిట గాలి ఆడుచోట కూర్చుండి ముక్కునకు గుడ్డ కట్టుకొనవలెను.

రెండు వారములకు మించి దగ్గు విడువనిచో దగ్గు మందు సీసాను నమ్ముకొనరాదు. కళ్ళె పరీక్ష చేయించుకొనవలెను. క్షయకు పరీక్షయు, మందును ప్రభుత్వ దవాఖానాలో ఉచితము. సాధారణముగా ఆరు నెలల మందు. రెండవ నెలలో దగ్గు తగ్గి ఒంటికి బలము వచ్చినట్లు తోచి మానివేయువారు, మందులకు లొంగని క్షయను తెచ్చుకొని తమ బిడ్డలకు కూడ అంటింతురు. చికిత్స జరుగుచున్నంత కాలము పోషకాహారము కొరకు నెలకు 1000 రూపాయలు రోగి ఖాతాలో వేయు పథకము కూడ ఉన్నది. బీడీ కార్మికుల సంక్షేమనిధి చట్టము 1976 లో వచ్చినది. దానిని అనుసరించి ఇచ్చు గుర్తింపు కార్డును పెట్టె అడుగున దాచుకొనక, దాని వలన లభించు వైద్యసహాయమును అడిగి పొందుడు.

ఇక సాంచాల మాట. సిరిసిల్ల వీధులలో నడచు క్రొత్తవానికి ఆ చప్పుడు ఊరి గుండె కొట్టుకొనుచున్నట్లు వినబడును. లోపల పనిచేయువానికి అది కొంతకాలమునకు వినబడుట మానివేయును. వాడు దానిని అలవాటు అనుకొనును. నిజమునకు చెవి చెడుట అట్లే ప్రారంభమగును. చేయి చాచినంత దూరములో నిలిచిన మనుష్యునితో మాటలాడుటకు గొంతు హెచ్చింపవలసివచ్చినచో అక్కడి ధ్వని చెవికి హాని చేయునంతటిదని తెలియవలెను. దీనికి యంత్రము అక్కరలేదు. మన దేశపు నియమములు 8 గంటల పనికి 90 డెసిబెల్స్ మించిన ధ్వని కూడదనుచున్నవి. సాంచాల షెడ్డులలో చప్పుడు ఆ మేరను దాటుట కద్దు, పని గంటలు ఎనిమిదిని దాటుట మామూలు. పని దిగిన తరువాత చెవులలో గుయ్యిమను మోత గంటలకొలది ఉండుట మొదటి హెచ్చరిక. పిమ్మట పిల్లల సన్నని గొంతులు, పక్షుల కూతలు వినబడవు. టీవీ చప్పుడు పెంచుచున్నాడని ఇంటివారు విసుగుకొందురు. లోచెవిలో చచ్చిన కణములు మరల పుట్టవు. కావున ఈ నష్టమునకు మందు లేదు, నివారణ మాత్రమే కలదు. దూది పెట్టుకొనుట చాలదు. మెత్తని నురుగు వంటి పదార్థముతో చేసిన చెవి బిరడాలు కొద్ది రూపాయలకే దొరకును. వానిని వ్రేళ్ళతో సన్నగా నులిమి చెవిలో పెట్టి, అవి ఉబ్బి సరిపోవువరకు పట్టియుంచవలెను. సాంచాలు గల ఆసాములును, షెడ్ల యజమానులును కార్మికులకు తలకొక జత తెచ్చియిచ్చిన, వారికి కలుగు ఖర్చు ఒక పూట చాయలకు మించదు. వదులైన బోల్టులు బిగించి, నూనె పెట్టిన సాంచా తక్కువ అరచును. దాని వలన బట్టకును మేలే.

నూలు దుమ్ము సంగతి కొంచెము వేరు. వారపు సెలవు గడచి పనిలోనికి దిగిన మొదటినాడు రొమ్ము బిగపట్టినట్లుండి, మరుసటి దినములలో తగ్గుచున్నచో, అది నూలు దుమ్ము వలన కలుగు బిసినోసిస్ అను రోగమునకు తొలి చిహ్నము కావచ్చును. ఇది పత్తిని చీల్చి, ఏకి, వడకు మిల్లులలో ఎక్కువ, నేత షెడ్డులలో తక్కువ. పాలిస్టరు నేయుచోట ఇంకను తక్కువ. అయినను తక్కువ అనగా లేదని కాదు. సాంచాల మీది నూగును గాలి గొట్టముతో ఊదుటయు, నేలను పొడి చీపురుతో ఊడ్చుటయు మాని, తడిగుడ్డతో తుడిచిన ఆ దుమ్ము గాలిలోనికి ఎగయక నేలమీదనే ఉండును. కండెలు చుట్టు స్త్రీలకును ఇదే మాట.

నిలువుకాళ్ళ పని చేయువారికి పిక్కలలో నరములు నీలముగా ఉబ్బి మెలికలు తిరుగుట తరచుగా చూతుము. ఒక ఇటుక గాని, చిన్న పీట గాని కాలి దగ్గర ఉంచుకొని ఒక కాలు మార్చి ఒక కాలు దానిపై పెట్టుచుండుట, నిలుచుచోట మడచిన గోనెసంచి వేసికొనుట, ఇంటికి వచ్చిన తరువాత పావుగంట కాళ్ళను గోడకు ఆనించి ఎత్తున ఉంచి పడుకొనుట, ఇవి చేసి చూడుడు. రాత్రి షిఫ్టువారు పగటి నిద్రను దొంగ నిద్రగా చూడరాదు. కిటికీకి మందమైన గుడ్డ కట్టి, ఫోను అవతల పెట్టి, ప్రతిదినము ఒకే వేళకు పడుకొనవలెను. ఆ వేళ ఇంట మెల్లగా మాటలాడుకొనుట ఇంటివారు చేయదగిన వైద్యము.

ఇంతవరకు చెప్పినది సులభము. ఇప్పుడు చెప్పబోవునది కొందరికి రుచింపదు. చాట యొద్దను, సాంచా యొద్దను, పొలము గట్టునను నేను ఎక్కువగా విన్న మాట ఒకటి: "ఒక్క గోలీ ఏసుకుంటే పని నడుస్తది సారూ." ఆ గోలీ ఏదో ఆమెకు తెలియదు, ఎర్రదో, పచ్చదో. కొంగుముడి విప్పి చూపును. అందులో తరచుగా ఉండునవి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు. ఇవి ఒకటి రెండు దినములు వైద్యుని మాట మీద వాడినచో మేలు చేయునవే. నెలల తరబడి దినమునకు రెండేసి మ్రింగినచో, కడుపులోని పొరను కాపాడు రసాయనమును అణచి పుండ్లు పుట్టించును. మూత్రపిండములకు పోవు రక్తప్రవాహమును తగ్గించి మెల్లమెల్లగా వానిని పాడుచేయును. ఎండలో చెమటోడ్చి, నీరు త్రాగక, బీపీయో షుగరో ఉన్న శరీరములో ఈ హాని ఇనుమడించును. మూత్రపిండములు సగము పైగా చెడువరకు నొప్పి పుట్టదు, వాపు కనబడదు. తెలిసిన నాటికి డయాలసిస్ దాక వచ్చియుండును. నొప్పిని ఓర్చుకొనుమని నేను చెప్పుట లేదు. నొప్పి మెడను ఎత్తుమని, నడుమును వాల్చుమని దేహము చేయు విన్నపము. దానికి జవాబుగా నోరు మూయించు మాత్ర వేయుట న్యాయము కాదు.

కొన్ని పొట్లాలలో స్టెరాయిడు మాత్రలు కూడ కలిసియుండును. నాలుగు దినములలో నొప్పులు మాయమై, ఆకలి పెరిగి, ముఖము నిండుగా కనబడినచో ఆ వైద్యుని హస్తవాసిని పొగడుదురు. ఆ నిండుదనము వాపు. పిమ్మట చక్కెర పెరుగును, ఎముకలు గుల్లబారును. అట్టి మందును చాలకాలము వాడినవారు ఒక్కసారిగా మానుట కూడ ప్రమాదమే. వైద్యుడు మెల్లగా తగ్గింపవలెను.

ఇక గ్లూకోజు బాటిలు. నీరసముగా ఉన్నదని ఆర్‌ఎంపీ యొద్ద మంచమెక్కి సెలైన్ పెట్టించుకొననిదే తృప్తి పడనివారు మన పల్లెలలో పెక్కురు. అర లీటరు 5 శాతపు గ్లూకోజు నీటిలో ఉండునది 25 గ్రాముల చక్కెర. అనగా ఐదారు చెంచాలు. అర లీటరు సెలైన్ లో ఉండునది నాలుగున్నర గ్రాముల ఉప్పు. వాంతులతో నోట ఏమియు నిలువనివానికి, స్పృహ తప్పినవానికి అది ప్రాణదానమే. నడచి వచ్చి, మాటలాడి, చాయ త్రాగగలిగినవానికి మాత్రము అది చక్కెర నీటిని నోటికి బదులు చేతి నరమున పోయుట, అందునకు కొన్ని వందల రూపాయలు చెల్లించుట. బీపీ, గుండెజబ్బు ఉన్నవారికి ఆ ఉప్పు చేటు కూడ చేయును.

వేసవిని గూర్చి జగిత్యాలవారికి నేను చెప్పవలసినది లేదు. 45 డిగ్రీల ఎండ వారికి చుట్టమే. రేకుల షెడ్డులోపల వేడి వెలుపలికంటె అధికము. అంబలి, సల్ల, ఉల్లిగడ్డ అను మన పెద్దల ఏర్పాటు శాస్త్రమునకు సమ్మతమైనదే. చెమటతో పోవునది నీరు మాత్రమే కాదు, ఉప్పు కూడ. విరేచనములలోను అంతే; అవి పట్టినప్పుడు లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండింటిని చెంచా అంచు సమముగా కొలిచి కలిపి కొంచెము కొంచెముగా త్రాగింపవలెను. 1971 లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరమున కలరా విజృంభించి సెలైన్ సీసాలు నిండుకొన్నప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఇట్టి ఉప్పు చక్కెరల నీటినే పీపాలలో కలిపి త్రాగించి, నూటికి ముప్పదిగా ఉన్న మరణములను నూటికి నలుగురి లోపునకు దింపెను. ఎండలో పనిచేయువాడు మాట తడబడి, తికమకపడి, ఒళ్ళు కాలుచుండ పడిపోయినచో అది వడదెబ్బ; నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటినిండ నీళ్ళు చల్లుచు విసరుచు 108 ని పిలువవలెను. స్పృహ లేనివాని నోట నీరు పోయరాదు. మన యువకులు వలస పోవు ఎమిరేట్స్ దేశములో జూన్ 15 నుండి సెప్టెంబరు 15 వరకు పగలు 12:30 మొదలు 3 గంటల దాక ఎండన పని చేయించుట నిషిద్ధము. అక్కడ చట్టము కల్పించిన విరామమును ఇక్కడ మన పొలములలో, ఇండ్ల నిర్మాణములలో మనమే కల్పించుకొనవచ్చును గదా.

దోమ మన ప్రాంతమునకు పరిచితమైన శత్రువు. మలేరియా పరాన్నజీవిని దోమ కడుపున రొనాల్డ్ రాస్ చూచినది మన సికిందరాబాదులోనే, 1897 ఆగస్టు 20 న. డెంగీ, చికున్‌గున్యాలను తెచ్చు దోమ మాత్రము మురుగున గాక గోలెములలో, డ్రమ్ములలో, కూలర్లలో, పాత టైర్లలో నిలిచిన మంచినీట పుట్టి పగలు కుట్టును. గ్రుడ్డు దోమ యగుటకు సుమారు వారము పది దినములు పట్టును గనుక వారమునకు ఒకమారు, శుక్రవారమున, అన్నిటిని ఒంపి, రుద్ది, ఎండబెట్టినచో ఆ తరము అక్కడితో అంతరించును. జ్వరము డెంగీ అగునో కాదో తేలువరకు పారాసెటమాల్ తప్ప వేరు నొప్పి మాత్ర వేసికొనరాదు; తక్కినవి రక్తస్రావమును హెచ్చించును.

బోదకాలు ఉమ్మడి కరీంనగర్ పల్లెలకు పాతకాపు. దాని క్రిములు రాత్రివేళ మాత్రమే పైరక్తములో సంచరించును గనుక ఆరోగ్యసిబ్బంది రాత్రులందు వచ్చి వ్రేలి రక్తము తీయుదురు, నిద్రాభంగమని కసరుకొనరాదు. పగలు నిద్రించి రాత్రి మేల్కొనువారిలో ఈ క్రమము తలక్రిందులగునని పందొమ్మిదవ శతాబ్దిలోనే లండనులో ఒక రోగిని పరీక్షించి తెలిసికొనిరి. కావున రాత్రి షిఫ్టువారు ఆ సంగతి సిబ్బందికి చెప్పుట మంచిది. ఈ రోగము రాకుండ ఇంటింట పంచు డీఈసీ మాత్రను కనుగొనిన పరిశోధకులకు నాయకుడు మన తెలుగువాడే, 1895 లో భీమవరమున పుట్టి 1948 లో న్యూయార్కున అస్తమించిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన మందు మన ఇంటి గడప దాక వచ్చుచుండ, దానిని పుచ్చుకొని గూటిలో దాచువారిని చూచిన నాకు కష్టముగా ఉండును. భోజనము చేసి, ఆశా కార్యకర్త యెదుటనే మ్రింగుడు. గర్భిణులకు, రెండేండ్ల లోపు బిడ్డలకు, తీవ్రరోగులకు మాత్రము కూడదు. వేసికొనిన పిమ్మట కొంచెము జ్వరము, తలతిప్పుట కలిగిన అది సాధారణముగా లోపల క్రిములు చచ్చుచున్నందున కలుగునది. వాచిన కాలు మాత్రతో తగ్గదు. దినమునకు రెండుసార్లు సబ్బుతో కడిగి, వ్రేళ్ళ సందులు పొడిగా తుడిచి, కూర్చున్నప్పుడు ఎత్తున పెట్టుకొనినచో మాటిమాటికి వచ్చు జ్వరములు తగ్గును.

తిండి విషయమున ఒక్క మాట. సిరిధాన్యములు సర్వరోగనివారణమని నేడు ఊరేగించుచున్నారు. జొన్న మంచిదే. కాని జొన్నగటుక ఒక్కటే ఆధారముగా బ్రతికిన దక్కను పేదలలో మెడ, ముంజేతులు నల్లబారి పొరలూడు పెల్లాగ్రా రోగమును హైదరాబాదు పోషకాహార శాస్త్రజ్ఞులు గోపాలన్, శ్రీకాంతియాలు పరిశోధించి, జొన్నలో లూసిన్ అధికమగుటయే హేతువని 1960 లో ప్రతిపాదించిరి. అన్నమైనను, జొన్నయైనను పక్కన పప్పు, ఆకుకూర, వీలైన గ్రుడ్డు ఉండుటయే ముఖ్యము. ఉప్పు దినమునకు 5 గ్రాములకు మించరాదు. అన్నమునకు తొక్కు ఒక్కటే కూరయైన ఇండ్లలో ఆ మేర ఒక్క పూటకే దాటును. బీపీ 140/90 అయినను తల నొవ్వదు, కళ్ళు తిరుగవు. కావున నలువది దాటిన ప్రతివారును పల్లె దవాఖానాలో ఏటేట చూపించుకొనవలెను. ఆ వయసుననే చత్వారమును వచ్చును. దారము కనబడక తల మరింత వంచి పనిచేయుటకంటె దగ్గరి చూపు అద్దములు పెట్టుకొనుట మేలు.

కల్లును గూర్చి నీతిబోధ చేయను. కాని కల్తీకల్లులో కలుపునవి క్లోరల్ హైడ్రేట్, ఆల్ప్రాజోలం వంటి మత్తుమందులు. 2015 లో నిజామాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాలలో ఆ కల్తీ హఠాత్తుగా ఆగినప్పుడు త్రాగువారు పిచ్చిచేష్టలతో, మూర్ఛలతో దవాఖానాల పాలైరి. మానదలచినవానిని ఇంట కట్టివేయక వైద్యుని యొద్దకు కొనిపోవలెను. అప్పుల బాధతో, పని దొరకని దిగులుతో నిద్ర పట్టక, బ్రతుకు మీద విరక్తి మాటలు మాటలాడు మనుష్యుడు ఇంట ఉన్నచో అతనిని ఒంటరిగా విడువక మానసిక సహాయము కొరకు 14416 కు ఫోను చేయుడు. సిరిసిల్ల నేతన్నల ఇండ్లలో గడచిన దశాబ్దములలో జరిగిన ఆత్మహత్యలు ఎరిగినవారికి ఈ మాట వివరింపనక్కరలేదు. ఫోనునకు ఖర్చు లేదు, తెలుగులోనే మాటలాడుదురు.

చివరగా మిమ్ము వేడుకొనునది ఒక్కటి. ఈసారి దవాఖానాకు ఒట్టి చేతులతో పోవలదు. కొంగుముడిలోని గోలీలు, సాంచా పక్క గూటిలోని పట్టీలు, దుబాయి నుండి వచ్చిన సంచిలోని మందులు, పేరు తెలియని పొట్లాలు, అన్నిటిని ఒక సంచిలో వేసికొని పోయి డాక్టరు బల్లమీద పోయుడు. ఏది ఎన్నాళ్ళనుండి మ్రింగుచున్నారో చెప్పుడు. పిమ్మట మీరు చేయు పని ఏమో, దినమునకు ఎన్ని గంటలు చేయుదురో, కూర్చుండి చేయుదురో నిలిచి చేయుదురో, ఆయన అడుగకున్నను చెప్పుడు.